పర్లాకిమిడి తెలుగుతో రేడియోలో, సినిమాల్లో పనికొస్తానా? ఒక పాత గొంతు జవాబు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఊరు ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, చదువు ఒడియా మీడియం, డిగ్రీ అయింది, దసరా నాటకాల్లో నాలుగేళ్లుగా వేషాలు వేస్తున్నావు. విశాఖలో రేడియో ఆడిషన్ ఇవ్వాలా, నేరుగా హైదరాబాద్ బండెక్కాలా అని అడిగావు. నాన్నగారేమో బట్టల కొట్లో కూర్చోమంటున్నారు. హైదరాబాద్‌లో ఎవరో నీ వీడియో చూసి "ఈ తెలుగేంటి ఇలా ఉంది" అన్నారట. మిగతావన్నీ పైకి అడిగావుగానీ నిన్ను తొలుస్తున్నది ఆ ఒక్క మాటే అనిపించింది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

నాది బరంపురం, నేతవాళ్ల వీధి. ముప్పై ఏళ్లు ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాగిరీ చేశాను. దాని పక్కన రేడియో నాటకాలు, తర్వాత సినిమాల్లో చిన్న వేషాలు, నాలుగు సీరియళ్లు, లెక్కలేనంత డబ్బింగు. నా ముఖం చూస్తే "ఎక్కడో చూశామే" అంటారు, పేరు మాత్రం ఎవరికీ తెలీదు. స్టార్ అవడం ఎలా అని అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. నటుడిగా బతకడం ఎలా అంటే కొంచెం చెప్పగలను.

నా మొదటి వేషం పులి. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది కదా, నెల పొడుగునా ఊరంతా వేషాలే. ఎనిమిదేళ్లప్పుడు మొక్కు ఉందని మా అమ్మ ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు పూయించి డప్పుల వెనక నడిపించింది. పులికి డైలాగులు ఉండవు కాబట్టి నా తెలుగు సంగతి అప్పట్లో ఎవరికీ తెలియలేదు.

తెలిసింది 1984లో. విశాఖ ఆకాశవాణి నాటక విభాగం ఆడిషన్‌కి వెళ్లాను. గాజు అవతల కమిటీ వాళ్లు కూర్చున్నారు. మనం వాళ్లకి పేరుతో కాదు, నంబరుతో తెలుస్తాం. కాగితం ఇచ్చారు, కోపంలో ఒకటి, ఏడుపులో ఒకటి, మామూలుగా ఒకటి చదివాను. బరంపురం స్టేజీ మీద చప్పట్లు కొట్టించుకున్న గొంతు నాది, దద్దరిల్లేలా చదివాను. నెల తర్వాత "ఎంపిక కాలేదు" అని ఉత్తరం. ఎందుకో అందులో రాయలేదు.

కారణం చెప్పింది మా ఊరి తెలుగు మాస్టారు. ఆయన దగ్గర టేపురికార్డరు ఉండేది. అదే మాట నాచేత చదివించి తిరిగి వినిపించారు: "వీడు ఊరు విడిచి వెళ్లి వారమైంది." టేపులో వినిపించింది "బిడు ఉరు బిడిచి బెళ్లి బారమైంది"కి దగ్గరగా ఉంది! ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ బడి అంతా ఒడియా. ఒడియా నోట్లో విజయ్ బిజయ్ అవుతాడు, యాత్ర జాత్రా అవుతుంది, పరీక్ష పరిఖ్యా అవుతుంది. ఇ, ఈలకి, ఉ, ఊలకి తేడా కాగితం మీదేగానీ నాలిక మీద ఉండదు. తెలుగులో ఆ పొడుగు తప్పితే మాటే మారిపోతుంది. విడు వేరు, వీడు వేరు. కుడి వేరు, కూడి వేరు. ఇరవై రెండేళ్లు అలా మాట్లాడుతున్నా నాకు తెలియలేదంటే తప్పు నాలికది కాదు, చెవిది. నా తప్పు నాకు వినపడలేదు.

నీ వీడియో నేనూ చూశాను. నీకు 'వ' బాగానే వచ్చింది, దీర్ఘాలే కుదించుకుపోతున్నాయి. ఆ హైదరాబాద్ ఆయనకి ఏదో తేడా కొట్టింది గానీ అది ఏమిటో చెప్పలేక "తెలుగు ఇలా ఉంది" అని ఊరుకున్నాడు. ఇది ఆరు నెలల పని. రోజూ అరగంట ఫోన్‌లో ఏదైనా చదివి రికార్డు చేసి, కళ్లు మూసుకుని విను. చదవడం కన్నా వినడానికి ఎక్కువ టైమ్ పెట్టు. మొదటి వారం నీ గొంతు నీకే పరాయిగా ఉంటుంది, కంగారు పడకు.

అయితే ఒక జాగ్రత్త. దీర్ఘాలు సరిచేసుకునే పేరుతో మన యాసని కూడా కడిగేసుకోవద్దు. ఆ రెండూ వేరు. "నానొచ్చినాను", "ఎవులది", "ఎటెల్తన్నావు" అనేది తప్పు తెలుగు కాదు, మన పాతపట్నం, టెక్కలి, పర్లాకిమిడి తెలుగు. నువ్వు ఉన్న ఊరు ఏదనుకుంటున్నావు? గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. మనుషులు మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని ఆయన వాదన మొదలుపెట్టింది ఆ వీధుల్లోంచే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, మహేంద్రతనయ దాటితే పాతపట్నం ఇటు. గీత పడింది, మాట మాత్రం గీత చూసుకుని ఆగలేదు.

ఇప్పుడు సినిమావాళ్లకి ఉత్తరాంధ్ర యాస కావాలి. దొరక్క, ప్రతి వాక్యం చివరా "ఏటి" తగిలించి అదే శ్రీకాకుళం యాస అనుకుంటున్నారు. నాకు గత పదేళ్లలో వచ్చిన పనిలో సగం ముఖం చూసి వచ్చింది కాదు, ఆ యాస నిజంగా వచ్చినవాడు ఒకడు కావాలని వచ్చింది. కాబట్టి నీకు రెండు తెలుగులు ఉండాలి. ఒకటి వార్తలు చదివేంత శుభ్రంగా, ఇంకొకటి మీ అమ్మమ్మ మాట్లాడేంత సహజంగా. ఎప్పుడు ఏది తీయాలో తెలియాలి. ఒడియా కూడా ఉంది కాబట్టి నీ సంచిలో మూడు ఉన్నట్టు.

ఇక రేడియో. ముందు కుండబద్దలు కొడతాను. మా రోజుల్లో లాగా ఇప్పుడు కొత్త రేడియో నాటకాలు రావడం లేదు. అదే నీ ఉపాధి అవుతుందనుకోకు. ఆకాశవాణి నాటక కళాకారులకి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి. మొదట వచ్చేది బి. ఆ గ్రేడు ఉన్నా పిలుపులు ఎప్పుడోగానీ రావు, ఇచ్చేది కూడా తక్కువే. 1986లో రెండోసారి వెళ్లి గట్టెక్కాక వచ్చిన నా మొదటి చెక్కులో రైలు చార్జీ, టిఫిన్లు పోగా ఏం మిగిలిందో మా ఆవిడని అడుగు, ఇప్పటికీ నవ్వుతుంది.

అయినా ఆడిషన్ ఇవ్వు అంటాను. ఎందుకంటే అక్కడ నేర్చుకునేది ఇంకెక్కడా నేర్పరు. నా మొదటి రికార్డింగు సంగతి చెప్తాను. మంచం పట్టిన ముసలాయన వేషం, ఆఖరి సీనులో మంచినీళ్లు అడిగి చనిపోవాలి. స్టూడియోలో అడుగుపెట్టగానే చెవుల్లో దూది కుక్కినట్టు అయింది, గోడలు శబ్దాన్ని మింగేస్తాయి. స్క్రిప్టుకి ఉన్న పిన్ను తీసేయమన్నారు. కాగితం తిప్పితే ఆ చప్పుడు మైకులో అడవిలో ఎండుటాకుల మీద నడిచినట్టు వినిపిస్తుంది. అందుకని పేజీలు విడివిడిగా పట్టుకుని, చదివిన పేజీని చప్పుడు కాకుండా పక్కకి జార్చాలి. మైకుకి జానెడు దూరం. "ప" అన్నప్పుడు ఊపిరి సూటిగా తగిలితే ఫట్‌మంటుంది, కాబట్టి ముఖం కాస్త పక్కకి. గదిలోంచి బయటికి వెళ్తూ మాట్లాడాలంటే నిజంగానే మైకు నుంచి వెనక్కి అడుగులేస్తూ మాట్లాడాలి.

నేను స్టేజీ మీద చచ్చినట్టు చచ్చాను. మూలుగు, దగ్గు, "అమ్మా" అని సాగదీత. ప్రొడ్యూసర్‌గారు బయటికొచ్చి మెల్లగా అడిగారు: "మీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పక్కన ఉన్నారా?" ఉన్నాను, మా తాతయ్య. "ఆయన అరిచారా?" లేదు. రెండు మాటల మధ్య ఊపిరి కోసం ఆగడం ఎక్కువైపోయింది, అంతే. రెండో టేకులో "నీళ్లు" అనే మాట మొత్తం పలకలేదు. "నీ" దగ్గర ఆగిపోయాను. పక్కన కోడలి వేషం వేసిన ఆవిడ గ్లాసు మీద చెంచాతో చిన్నగా తట్టి, ఆపేసింది. అంతే సీను. ఆ నాటకం ప్రసారమైన రాత్రి బరంపురంలో ట్రాన్సిస్టరు చుట్టూ కూర్చుని విన్నాం. విశాఖ స్టేషన్ గరగరమంటూ వచ్చేది. మా అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

రేడియో నుంచి తెర మీదకి వెళ్లినవాళ్లు మనకి కొత్త కాదు. జగ్గయ్యగారు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారే. శివాజీ గణేశన్‌కి తెలుగులో గొంతిచ్చింది కూడా ఆయనే. సుత్తి వీరభద్రరావుగారు విజయవాడ ఆకాశవాణి మనిషి. గొల్లపూడి మారుతీరావుగారిది మన పక్క విజయనగరం. పత్రికలో మొదలై, ఆకాశవాణిలో చేరి, ఉద్యోగరీత్యా మన ఒడిశాలోని సంబల్‌పుర్‌లో కూడా పనిచేశారు. నాటకాలు, సినిమాలు రాశారు, నటుడిగా తెర మీదకి వచ్చింది మాత్రం 1982లో, నలభై దాటాక. తర్వాత టీవీలో కూడా కనిపించారు. ఇవన్నీ చదివి నేనూ రేడియో మెట్టు ఎక్కితే సినిమా మెట్టు దానంతటదే వస్తుందని లెక్కలేశాను. అలా ఏం రాదు. వాళ్లని సినిమా పిలిచింది రేడియోలో చేసినందుకు కాదు, రేడియోలో చేసి మాటని అంత పదును పెట్టుకున్నందుకు.

నా మొదటి సినిమా వేషం 1999లో. రైల్వే గేటు కాపలావాడు, ఒకే డైలాగు: "బండి వచ్చే వేళ, గేటు తీయను బాబూ." షూటింగు అరకు వైపు. రెండు రోజులు చెట్టు కింద కూర్చోబెట్టి మూడో రోజు సాయంత్రం పిలిచారు. ఆరు టేకులు తిన్నాను. మొదటి మూడు గొంతు పెద్దదై పోయింది. నాలుగోది, కెమెరా దగ్గరగా ఉంటే కనుబొమలు స్టేజీ మీదలా ఎగిరిపోయాయి. అయిదోది బాగా వచ్చిందనుకున్నాను, పక్కనుంచి అసిస్టెంటు కుర్రాడు "సార్, ఇందాక వైడ్ షాట్‌లో బీడీ ఎడమ చేతిలో ఉంది" అన్నాడు. ఇప్పుడు కుడి చేతిలో ఉంది! రేడియోలో పదమూడేళ్లు చేసినవాడికి చెయ్యి ఉందన్న సంగతే గుర్తుండదు. ఆ రోజు నుంచి ఏ మాట మీద ఏ చెయ్యి లేచిందో గుర్తుపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. నువ్వు ఇప్పటినుంచే అద్దం ముందు కాకుండా ఫోన్ కెమెరా ముందు చేసుకో. ఒకే సీను దూరం నుంచి, దగ్గర నుంచి తీసి, రెండింటిలో చేతులు కలుస్తున్నాయో లేదో చూసుకో.

అసలు మలుపు డబ్బింగులో వచ్చింది. నా ఒక్క డైలాగుకి హైదరాబాద్ పిలిచారు. తెర మీద పెదవి చూస్తూ ఒక్క దెబ్బకి చెప్పేశాను. డైరెక్టర్‌గారు "ఇంకో ముసలాయన ఉన్నాడు, చెప్తారా" అన్నారు. తర్వాత ఒక పోలీసు. ఆ తర్వాత గుంపులో అరుపులు. పొద్దున ఒక గొంతుతో వెళ్లినవాడిని రాత్రికి అయిదుగురినై బయటికొచ్చాను. నటుడిగా నా ఇల్లు గడిపింది ఎక్కువగా ఆ చీకటి గదే. రేడియోలో కాగితం చూసి వెంటనే మాట్లాడినట్టు చదవడం వచ్చినవాడికి డబ్బింగు సగం వచ్చినట్టే. ఇప్పుడు కుకు ఎఫ్‌ఎం, పాకెట్ ఎఫ్‌ఎం లాంటి వాటిలో తెలుగు కథలు వస్తున్నాయి, ఆ పని కూడా ఇదే. పర్లాకిమిడిలో కూర్చుని నమూనాలు పంపొచ్చు. మంచం మీద బొంతలు నిలబెట్టి, వాటి మధ్య ఫోన్ పెట్టి రాత్రి పదకొండు దాటాక రికార్డు చేయి. ఫ్యాను ఆపడం మర్చిపోకు.

సీరియళ్ల గురించి ఎక్కువ చెప్పను. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక మాలాంటి వాళ్లకి అన్నం పెట్టింది అవే, తీసిపారేయను. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిది దాకా. సీను పేపరు షాట్‌కి ముందు చేతికొస్తుంది, పక్కనుంచి ప్రాంప్టింగ్ చెప్తుంటారు. ఒకే మాటకి మూడు వైపుల నుంచి నా ముఖం మీదకి కెమెరా దూసుకొచ్చి ధడేల్‌మన్న రోజులున్నాయి. నటన పెరగదు, ఓపిక పెరుగుతుంది. ముఖం మాత్రం ఊరికి తెలుస్తుంది. శ్రీకాకుళం బస్టాండులో ఒకావిడ "కోడలిని అలా ఏడిపిస్తావా" అని నాతో నిజంగా తగాదా పెట్టుకుంది.

డబ్బు సంగతి. మా లాంటి వేషాలకి సీరియల్లో రోజు లెక్క, అది చేతికొచ్చేసరికి రెండు మూడు నెలలు. ఒక సీరియల్ మధ్యలో ఆగిపోయింది, నా పదకొండు రోజుల డబ్బు అలాగే ఉండిపోయింది. ఆఫీసుకి వెళ్తే తాళం, కింద టీకొట్టు ఆయన "ఖాళీ చేసి నెలైంది సార్" అన్నాడు. ఆ నెల మా పిల్లకి కాలేజీ ఫీజు కట్టింది నా గుమస్తా జీతం. అందుకే ముందు హైదరాబాద్ వెళ్లిపోయి తర్వాత చూసుకుందాం అనేవాళ్ల మాట నాకు నచ్చదు. కృష్ణానగర్‌లో గది అద్దెకి తీసుకుని, పొద్దున్నే తలకి రంగేసుకుని ఫోన్ కోసం ఎదురుచూసే నలభై ఏళ్లవాళ్లని చూశాను. టెన్షన్‌లో ఉన్నవాడి ముఖం కెమెరాకి తెలిసిపోతుంది.

మోసాల సంగతి ఒక్క ముక్క: వేషం ఇవ్వడానికి డబ్బు అడిగేవాడు వేషం ఇవ్వడు. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ 1993 నుంచి ఉంది. అందులో సభ్యత్వం నటించినవాళ్లకి, నటించబోయేవాళ్లకి కాదు. "కార్డు ఇప్పిస్తాను" అన్న ఒకాయనకి నేను ఒకసారి డబ్బు కట్టాను. ఎంతో చెప్పను, సిగ్గు.

శిక్షణ కావాలంటే ఆంధ్రా విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగాలున్నాయి. నీకు డిగ్రీ ఉంది కాబట్టి పీజీకి చూడు. కానీ అంతకన్నా ముందు, ఖర్చు లేని బడి ఒకటి మన దగ్గరే ఉంది, మనవాళ్లు పట్టించుకోరు. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం చూశావా? జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉన్న నాటకం అది. ఏడు మెట్ల వేదిక, పైన హిరణ్యకశిపుడి సింహాసనం, పక్కన గాహకుడి, అంటే పాడుతూ కథ నడిపేవాడి పాట, మద్దెల. ఒడియా నాటకమే, వింటుంటే రాగాలు మాత్రం మన కర్ణాటక సంగీతంలా ఉంటాయి. హిరణ్యకశిపుడు ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ రాత్రంతా పాడి, గర్జించి తెల్లారేసరికి కూడా అదే గొంతుతో ఉంటాడు. ఎలా? నేను ఒకాయన్ని అడిగాను. చెప్పలేదు, నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టి ఒక అరుపు అరిచాడు. గొంతు దగ్గర నరం కూడా కదల్లేదు, పొట్ట మాత్రం తోలుతిత్తిలా కొట్టింది. అది చూశాక నేను స్టేజీ మీద ఇంకెప్పుడూ గొంతు పోగొట్టుకోలేదు.

ఇక నీ అసలు లెక్క. విశాఖ స్టేషన్‌కి ఉత్తరం రాసి నాటక ఆడిషన్ దరఖాస్తు ఎప్పుడు తీసుకుంటారో కనుక్కో. ప్రకటనలు రేడియోలోనే చెప్తారు, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విశాఖ పెట్టుకుని వింటూ ఉండు. గుణుపురం బండి ఎక్కితే మధ్యలో దిగక్కర్లేదు, సరాసరి విశాఖే. యువవాణి కార్యక్రమం ముప్పై ఏళ్లలోపు వాళ్లకి, అందులో ముందు నోరు విప్పుకోవచ్చు. ఒడియా నాటకాలకి బరంపురం స్టేషన్ కూడా ఉంది, రెండు భాషలు వచ్చినవాడివి, ఒకటే ఎందుకు? హైదరాబాద్‌కి మాత్రం చేతిలో ఆరు నెలల ఖర్చు, రెండు నిమిషాల మంచి గొంతు రికార్డింగు, రెండు యాసల్లో ఒక వీడియో ఉన్నాకే వెళ్లు.

మీ నాన్నగారి కొట్లో కూర్చో. కాదనకు. మీ కొట్టుకి ఎవరెవరు వస్తారు? పాతపట్నం నుంచి తెలుగువాళ్లు, ఊళ్లో ఒడియావాళ్లు, కొండ మీంచి సవరలు. ఒకే చీరని ముగ్గురు మూడు రకాలుగా బేరమాడతారు. గిడుగువారు అదే ఊళ్లో సవర మాట వచ్చినవాళ్లని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, నిఘంటువు కూడా చేశారు. నీకు ఆ అవసరం కూడా లేదు, వాళ్లే నీ గడప దగ్గరికి వస్తారు. గల్లా పెట్టె కింద ఒక నోటుబుక్కు పెట్టుకుని, ధర ఎక్కువ అనిపించినప్పుడు ఒక్కొక్కరు ఏ మాట దగ్గర ఆగుతున్నారో రాసుకో. ఒక నెల రాశాక, అందులోంచి ఒక బేరాన్ని ముగ్గురి గొంతుల్లో రికార్డు చేసి ఇక్కడే పెట్టు. నేను వింటాను. దీర్ఘాలు మాత్రం సరిచూసుకుని పెట్టు.